చిప్పును పట్టి ఉంచేదేమిటి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీ వృత్తి గురించి ఇరవై నిమిషాలు చెప్పండి, అందరికీ అర్థమయ్యేలా ఉండాలి" అన్నారు. నా వృత్తి పేరు చెబితేనే సగంమందికి అర్థం కాదు. కంప్యూటర్లో చిప్పులు కూర్చునే పీటలు తయారు చేస్తానని చెబితే, మా పెద్దమ్మ "చిప్పలా? కొబ్బరి చిప్పలా?" అని అడిగింది. చిప్పలు కాదు పెద్దమ్మా, చిప్పులు అన్నాను. "అవి కూర్చోడానికి పీట ఎందుకురా, అతికించేస్తే పోలా?" అంది. ఇంజనీర్లు దశాబ్దాలుగా వాదించుకుంటున్న ప్రశ్న అది. దాని నుంచే మొదలుపెడతాను.

కంప్యూటర్ లోపల ఒక పెద్ద పచ్చ బోర్డు ఉంటుంది. మదర్‌బోర్డు అంటాం. దాని మీద ప్రాసెసర్ అనే చిప్పు ఉంటుంది. దాన్ని బోర్డుకు సోల్డరింగ్ చేసి శాశ్వతంగా అతికించవచ్చు. మీ చేతిలోని సెల్‌ఫోన్లో అలాగే ఉంటుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో కూడా దాదాపు అంతే. అతికిస్తే ఖర్చు తక్కువ, మందం తక్కువ. కానీ చిప్పు పోతే బోర్డు మొత్తం పారేయాలి, బోర్డు పోతే చిప్పు కూడా దానితో పోతుంది. అందుకని టేబుల్ మీద పెట్టుకునే కంప్యూటర్లలో, బ్యాంకుల, రైల్వేల సమాచారం నడిపే సర్వర్లలో, చిప్పుకూ బోర్డుకూ మధ్య ఒక సాకెట్ పెడతారు. బోర్డును ముందు తయారు చేసి, పరీక్షించి, ఖరీదైన చిప్పును చివర్లో కూర్చోబెడతారు. రేపు మంచి చిప్పు వస్తే పాతది తీసి కొత్తది పెట్టుకోవచ్చు. పెద్దమ్మ ప్రశ్నకు జవాబు ఇదే: విప్పే వీలుండాలంటే పీట కావాలి.

కానీ విప్పే వీలుంచి, వదులు కాకుండా చూడటమే అసలు కష్టం. గట్టిగా పట్టుకోవాలి, అడిగినప్పుడు వదిలిపెట్టాలి. నా ముప్పై ఏళ్ల ఉద్యోగమంతా ఈ రెండు మాటల మధ్యే గడిచింది.

పిల్లలూ, మీ ఇంట్లో టీవీ రిమోట్ పనిచేయకపోతే ఏం చేస్తారు? చేత్తో ఒకటి తడతారు. అప్పటికీ పనిచేయకపోతే వెనక మూత తీసి, సెల్స్‌ను వేలితో అటూ ఇటూ తిప్పుతారు. చాలాసార్లు పనిచేస్తుంది. సెల్స్‌లో కొత్తగా శక్తేమీ పుట్టలేదు కదా, మరి ఎందుకు పనిచేసింది? సెల్లు చివర మీద, దాన్ని తాకే స్ప్రింగు మీద కంటికి కనబడని మురికి పొర, తుప్పు పొర ఉంటాయి. తిప్పినప్పుడు రెండూ ఒరుసుకుని ఆ పొర చెదిరింది, లోహం లోహాన్ని తాకింది. ఇది అర్థమైతే సాకెట్ శాస్త్రంలో సగం వచ్చినట్టే.

రెండు లోహాలు ఆనుకుని ఉన్నాయంటే మొత్తం ఆనుకున్నాయని అనుకుంటాం. అలా జరగదు. తిరగలి పై రాయి కింది రాయి మీద నిండుగా కూర్చున్నట్టే కనిపిస్తుంది, కానీ గంట్లు పెట్టిన రాళ్లు నిజంగా తాకేది ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే. ఎంత నునుపు చేసిన లోహమైనా సూక్ష్మదర్శినిలో ఆ రాళ్లలాగే ఉంటుంది. కరెంటు ఆ కొద్ది ఎత్తుల గుండానే దాటాలి. స్వీడన్‌కు చెందిన రాగ్నర్ హోమ్ అనే శాస్త్రవేత్త ఈ విషయాన్ని జీవితమంతా పరిశోధించాడు. గట్టిగా నొక్కితే ఎత్తులు కొంచెం అణిగి, తాకే చోటు పెరుగుతుంది, నిరోధం తగ్గుతుంది. కానీ నొక్కుడు నాలుగు రెట్లు పెంచితే నిరోధం సుమారు సగమే అవుతుంది. అందుకని బలంగా నొక్కితే చాలదు, శుభ్రంగా కూడా ఉండాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్పుకు 16 కాళ్లు. 1978 నాటి 8086కు 40. 1989లో వచ్చిన 486కు 168. 2004లో ఇంటెల్ తెచ్చిన సాకెట్లో 775 కాంటాక్టులు. ఆ సాకెట్ పేరులోనే ఆ అంకె ఉంది. 2021లో 1700. 2022లో ఏఎండీ కంపెనీ సర్వర్ల కోసం తెచ్చిన సాకెట్లో 6096. అరచేతిలో పట్టే చోట ఆరువేల పైచిలుకు స్ప్రింగులు! ప్రతి ఒక్కటీ తాకాలి. ముఖ్యమైన ఒక్కటి తాకకపోయినా కంప్యూటర్ లేవకపోవచ్చు, లేదా లేచి మధ్యాహ్నం పన్నెండింటికి పడుకోవచ్చు. రెండోదే ప్రమాదం. అసలు లేవనిదాన్ని రిపేరు చేయవచ్చు, అప్పుడప్పుడు పడుకునేదాన్ని పట్టుకోవడం కష్టం.

ఇన్ని కాళ్లెందుకని అడుగుతారు. వాటిలో పెద్ద భాగం సమాచారం కోసం కాదు, కరెంటు కోసం. ఇంట్లో 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర తొమ్మిది ఆంపియర్ల లోపే తీసుకుంటుంది. పెద్ద ప్రాసెసర్ 200 వాట్లే తీసుకున్నా, దానికిచ్చే వోల్టేజీ ఒక వోల్టు దగ్గర్లో ఉంటుంది కాబట్టి 200 ఆంపియర్లు కావాలి. గీజర్ కంటే ఇరవై రెట్లకు పైగా! ఆ కరెంటంతా వెంట్రుకల్లాంటి స్ప్రింగుల గుండా వెళ్లాలి. నాలుగు వందల స్ప్రింగులు పంచుకుంటే ఒక్కోదానికి అర ఆంపియరు. వాటిలో కొన్ని సరిగ్గా తాకకపోతే వాటి వంతు పక్కవాటి మీద పడుతుంది. అవి వేడెక్కుతాయి. వేడికి స్ప్రింగు పట్టు సడలుతుంది. పట్టు సడలితే నిరోధం పెరుగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతాయి. ఈ చక్రం మొదలుకాకుండా చూడటమే మా పని.

మొదట్లో సాకెట్లు చాలా సాదాగా ఉండేవి. రెండు వరసల కాళ్లున్న చిప్పును సాకెట్లో బొటనవేలితో నొక్కేవాళ్లం. కంప్యూటర్ పగలంతా వేడెక్కి, రాత్రి ఆపేశాక చల్లారేది. అలా రోజూ సాగుతూ ముడుచుకుంటూ చిప్పు కొంచెం కొంచెంగా పైకి పాకేది. ఆ రోజుల్లో మెకానిక్ వచ్చి మూత తీయగానే చేసే మొదటి పని చిప్పులన్నిటినీ వేలితో ఒకసారి నొక్కడం. 1980లో వచ్చిన ఆపిల్ 3 కంప్యూటర్లో చిప్పులు వదులై ఇబ్బంది పెడితే, దాన్ని టేబుల్ మీద కొన్ని అంగుళాలు ఎత్తి వదలమని కంపెనీ వాళ్లే సలహా ఇచ్చిన కథ మా రంగంలో అందరికీ తెలుసు. రిమోట్‌ను తట్టడం మన ఒక్కళ్లకే అలవాటు కాదన్నమాట.

కాళ్లు పెరిగేసరికి వేలితో నొక్కడం కుదరలేదు. 168 కాళ్ల 486ను మామూలు సాకెట్లో దింపాలంటే దాదాపు 45 కిలోల బలం కావాలని అప్పటి రిపేరు పుస్తకాలు చెప్పేవి. అంటే బియ్యం బస్తా బరువంత. కింద బోర్డు వంగేది, అందులోని సన్నటి రాగి దారులు తెగేవి. అప్పుడు పక్కన చిన్న మీట ఉన్న సాకెట్ వచ్చింది. మీట ఎత్తితే రంధ్రాలు వదులవుతాయి, చిప్పు తన బరువుకే అందులో దిగుతుంది. మీట దించితే పై పలక కొద్దిగా పక్కకు జరిగి, ప్రతి కాలునూ ఒక చిన్న పట్టకారు పట్టుకుంటుంది. తలుపు గడియ వేసినంత తేలిక. దాంతో చిప్పు మార్చడం మెకానిక్ పని నుంచి మామూలు మనిషి పనిగా మారింది. తొంభైల్లో మన ఊళ్లలో అసెంబుల్డ్ కంప్యూటర్ల దుకాణాలు వెలిశాయి కదా, ఇంటర్ చదివిన కుర్రాడు స్క్రూడ్రైవర్ పట్టుకుని కంప్యూటర్ బిగించి బతికాడంటే, ఆ మీటకు కూడా అందులో భాగముంది.

ఆ తర్వాత కాళ్లను చిప్పు మీది నుంచి తీసేసి సాకెట్లోకి మార్చారు. చిప్పు అడుగున బంగారు పూత పూసిన చదునైన చుక్కలు మాత్రమే మిగిలాయి. స్ప్రింగులు సాకెట్లో ఉంటాయి. చిప్పును పైన పెట్టి, లోహపు చట్రం మూసి, మీట దించితే చట్రం చిప్పును కిందికి అదుముతుంది. ఒక్కో స్ప్రింగుకు పాతిక గ్రాముల బలం చొప్పున వేసుకున్నా, 1700 స్ప్రింగులకు 42 కిలోలు దాటుతుంది. మళ్లీ ఆ బియ్యం బస్తానే! కానీ ఇప్పుడు ఆ బరువు మీ వేలి మీద లేదు, మీట మోస్తుంది. ఆర్కిమెడిస్ మీట పాఠం ఆరో తరగతిలో చదివాం, గుర్తుందా? అది ఇప్పటికీ కంప్యూటర్ లోపల పనిచేస్తోంది.

ఆ స్ప్రింగు గురించి రెండు మాటలు చెప్పకపోతే నా పనికి న్యాయం చేసినట్టు కాదు. సన్నటి రాగి మిశ్రమ లోహపు రేకును ప్రెస్సులో కత్తిరించి, వంచి దాన్ని తయారు చేస్తారు. చిప్పు దాని మీద దిగినప్పుడు కొన కిందికి వంగడమే కాదు, కొంచెం పక్కకు కూడా జారుతుంది. మిల్లీమీటరులో చిన్న భాగమంతే. కానీ ఆ జారుడులోనే కొన బంగారు చుక్కను ఒరుసుకుని పొరను చెదరగొడుతుంది. మీరు రిమోట్ సెల్లును తిప్పే పనిని ఆ స్ప్రింగు తనంతట తానే చేసుకుంటుంది. జారుడు తక్కువైతే పొర పోదు, ఎక్కువైతే బంగారం అరిగిపోతుంది.

బంగారం ఎందుకంటే, అది తుప్పు పట్టదు. పూత మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు, మన వెంట్రుక మందంలో వందో వంతు అనుకోండి. దాని కింద నికెల్ పూత ఉంటుంది. నికెల్ లేకపోతే రాగి మెల్లగా బంగారంలోకి పాకి పైకి వచ్చి తుప్పు పడుతుంది. తగరం చవకే, కానీ వేడికి సాగి ముడుచుకునే కదలికల్లో తగరం మళ్లీ మళ్లీ ఒరుసుకుని నల్లటి పొడిగా మారుతుంది. కంప్యూటర్ ఆగిపోతే "ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టండి" అని మెకానిక్ చెబుతాడే, ఆ వైద్యం ఇలాంటి పొరలకే. అవసరమైతే ఒకసారి చేయండి, వారం వారం చేస్తే మురికితో పాటు బంగారమూ పోతుంది.

మనం తొమ్మిదో తరగతిలో స్థితిస్థాపకత పాఠం చదివాం. ప్రతిబలం, వికృతి, స్థితిస్థాపక అవధి. ఆ మాటలు నోరు తిరక్క నవ్వుకునేవాళ్లం. సైన్సు మేష్టారు సుద్దముక్కతో బోర్డు మీద గీత గీసి, "ఇక్కడిదాకా లాగితే వెనక్కి వస్తుంది, ఇది దాటితే రాదు, మనిషైనా అంతే" అనేవారు. నేను డిప్లొమా చేసి, బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో శిక్షణ పొంది, తర్వాత మలేషియాలోని పెనాంగ్‌లో కనెక్టర్ల కర్మాగారంలో చేరినప్పుడు, అక్కడ మొదటి రోజు గోడ మీద చూసింది అదే గీత. స్ప్రింగును ఆ అవధి లోపల ఎంత వంచాలి, తొంభై డిగ్రీల వేడిలో ఏళ్ల తరబడి వంగి ఉన్నా ఎంత పట్టు మిగలాలి అన్నదే అక్కడ రోజూ నడిచే చర్చ. ఎండలో ఏడాది వేలాడిన బట్టల క్లిప్పు పట్టు తప్పినట్టే లోహపు స్ప్రింగు కూడా నెమ్మదిగా సడలుతుంది. తెలుగు మాధ్యమంలో చదివి అంతర్జాతీయ సంస్థల్లో ఎలా నెగ్గుకొచ్చారని నన్ను అడుగుతుంటారు. స్థితిస్థాపక అవధి అర్థమైనవాడికి దాని ఇంగ్లీషు పేరు నేర్చుకోవడానికి ఒక్క నిమిషం చాలు. పేరు మాత్రమే తెలిసినవాడికి అర్థం నేర్చుకోవడానికే ఏళ్లు పడుతుంది.

సాకెట్ ప్లాస్టిక్ కూడా మామూలుది కాదు. బోర్డుకు సోల్డరింగ్ చేసేటప్పుడు ఓవెన్‌లో 250 డిగ్రీల దాకా వేడిని తట్టుకోవాలి, వంకర పోకూడదు. 2006లో యూరప్ సీసం వాడకాన్ని పరిమితం చేశాక, సోల్డర్ కరిగే వేడి 183 నుంచి 217 డిగ్రీల దగ్గరికి పెరిగింది. ఆ ముప్పై నాలుగు డిగ్రీల కోసం ఎన్నో అచ్చులు మళ్లీ చెక్కాల్సి వచ్చింది. సాకెట్ అడుగున ఉండే వందల సోల్డర్ గుండ్లన్నీ ఒకే మట్టంలో ఉండాలి. మిల్లీమీటరులో రెండు పదో వంతుల తేడా వచ్చినా ఏదో ఒక గుండు గాలిలో ఉండిపోతుంది.

నొక్కుడు సమంగా పడటం మరో సమస్య. 2021 నాటి 1700 కాంటాక్టుల సాకెట్‌కు కూర్చునే చిప్పు చతురస్రం కాదు, 45 మిల్లీమీటర్ల పొడవు, 37.5 వెడల్పు. చట్రం రెండు పక్కల నుంచి అదుముతుంది. నులక మంచం మధ్యలో కుంగినట్టు చిప్పు పై మూత మధ్యలో కొంచెం కుంగుతోందని వాడకందార్లు కొలిచి చూపించారు. అది నిర్దేశించిన పరిమితుల్లోనే ఉందని తయారీదారు చెప్పింది. అయినా చుట్టూ సమంగా అదిమే చట్రాలు చేసి అమ్మినవాళ్లు బయల్దేరారు. ఏఎండీ 2017లో తెచ్చిన పెద్ద చిప్పుల సాకెట్‌కు మూడు మరలుంటాయి. వాటి పక్కనే 1, 2, 3 అని ముద్రించి ఉంటుంది. ఆ వరసలోనే బిగించాలి, తిరగేసిన వరసలో విప్పాలి. సరైన బిగువు రాగానే టక్కుమనే ప్రత్యేక స్క్రూడ్రైవర్‌ను చిప్పు పెట్టెలోనే పెట్టి ఇచ్చారు. కారు చక్రం నట్లు ఎదురెదురుగా బిగించే డ్రైవరుకు దీని కారణం వేరే చెప్పనక్కర్లేదు.

ఇక మనిషి చెయ్యి. సాకెట్లు పాడయ్యే కారణాల్లో అతి మామూలుది వేలు తగలడం. ఒక్క స్ప్రింగు వంగితే చాలు. అందుకే కొత్త బోర్డు మీద సాకెట్‌కు ప్లాస్టిక్ మూత ఉంటుంది. చిప్పు పెట్టేదాకా దాన్ని తీయకూడదు. కర్మాగారంలో యంత్రం గాలి పీల్చి సాకెట్‌ను ఎత్తేది కూడా ఆ చదునైన మూత పట్టుకునే. చిప్పు తిరగేసి పెట్టకుండా మూలన ఒక త్రిభుజం గుర్తు, అంచుల్లో గాట్లు ఉంటాయి. మీ సిమ్ కార్డు మూల కోసి ఉండేది ఇందుకే. "జాగ్రత్తగా పెట్టండి" అని రాసిన కాగితాన్ని ఎవరూ చదవరు. తప్పుగా పెడితే పట్టనివ్వని గాటు అందరి చేతా చదివిస్తుంది.

మిత్రులారా, ఇదంతా చెప్పడానికి ఒక కారణముంది. నేను చెప్పినవాటిలో సాఫ్ట్‌వేర్ ఎక్కడైనా ఉందా? మీట, స్ప్రింగు, తుప్పు, పూత, అచ్చు, మర. కంప్యూటర్ రంగమంటే తెర ముందు కూర్చోవడమేనని మన పిల్లలకు మనమే నేర్పాం. రేకును సరిగ్గా వంచగలిగేవాళ్లు, అచ్చును చెక్కగలిగేవాళ్లు, పూత మందం కొలవగలిగేవాళ్లు లేకపోతే ఏ ప్రాసెసరూ వెలగదు. ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో చేరిన పిల్లవాడిని "పాపం, ఇంజనీరింగ్ సీటు రాలేదా" అని పలకరించడం మానేద్దాం. ఈ పనిలో ఆడపిల్లలు మగపిల్లలకు ఏమాత్రం తీసిపోరు. పెనాంగ్‌లో మా తనిఖీ విభాగంలో సగానికి పైగా వాళ్లే. సూక్ష్మదర్శిని కింద వంగిన కొనను వాళ్లు పట్టినంత త్వరగా నేనెన్నడూ పట్టలేదు.

స్వర్ణోత్సవ నిధితో బడికి ముఖద్వారం కట్టాలన్న తీర్మానం రేపటి సర్వసభ్య సమావేశానికి రాబోతోందని విన్నాను. ముఖద్వారం కట్టాలన్నవాళ్లు బడి మీద ప్రేమతోనే అన్నారు. వాళ్లలో నా స్నేహితులున్నారు. అయినా నా మాట నేను చెప్పాలి. ముఖద్వారం కింద నుంచి పిల్లలు రోజుకు రెండుసార్లు నడుస్తారు. అదే డబ్బులో ఒక భాగంతో సైన్సు గది పక్కనున్న ఖాళీ గదిలో పొడవాటి బల్ల, స్క్రూడ్రైవర్లు, నాలుగు మల్టీమీటర్లు, రెండు భూతద్దాలు పెడితే, అక్కడ పిల్లలు గంటల తరబడి నిలబడతారు. మనందరి ఇళ్లలో అటక మీద పాత కంప్యూటర్లున్నాయి. వాటిని తూకానికి అమ్మితే, ఎక్కడో ఒకచోట వాటిని కాల్చి, యాసిడ్‌లో ముంచి ఆ పిసరు బంగారం తీస్తారు. తీసేవాళ్ల ఊపిరితిత్తులు పాడవుతాయి. దానికంటే మన పిల్లలు విప్పి చూడటం మంచిది కదా.

గురువులకు ఒక మనవి. పాత పెట్టె టీవీల్లాంటి మానిటర్లను, కరెంటు సరఫరా పెట్టెలను మాత్రం పిల్లల చేత విప్పించవద్దు. ఆపేశాక కూడా వాటిలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. మిగతాది విప్పవచ్చు. మొదటి ప్రయోగానికి కంప్యూటరే అక్కర్లేదు. ఒక సెల్లు, ఒక చిన్న బల్బు, తుప్పు పట్టిన రెండు మేకులు చాలు. మేకులను మెల్లగా ఆనిస్తే బల్బు వెలగదు. గట్టిగా అదిమితే మినుకుమంటుంది. అదిమి ఒకదాని మీద ఒకటి రుద్దితే వెలుగుతుంది. ఎందుకు వెలిగిందో పిల్లలనే చెప్పమనండి. చెప్పగలిగిన పిల్లకు రాగ్నర్ హోమ్ ఎవరో తర్వాత చెప్పవచ్చు.

ముఖద్వారం వద్దనడం లేదు. ముందు బల్ల, తర్వాత ద్వారం అంటున్నాను. బల్లకు, దాని మీది పనిముట్లకు అయ్యే ఖర్చులో సగం నేను ఇస్తాను. మొదటి రెండు వేసవి సెలవుల్లో నెలరోజుల చొప్పున వచ్చి పిల్లలతో కూర్చుంటాను. రేపు ఓటు వేసే ముందు ఒకసారి ఆ ఖాళీ గదిలోకి వెళ్లి చూడండి. కిటికీ తూర్పుకుంది, పొద్దుటి వెలుతురు బాగా పడుతుంది. సన్నటి పనికి అంతకంటే మంచి గది దొరకదు.